బాగోలేదని రాయండి

గత నెల మా ఇంటికి వాషింగ్ మెషిన్ బాగుచేయడానికి ఒక మెకానిక్ వచ్చాడు. పని బాగానే చేశాడు. పోతూ పోతూ గుమ్మంలో నిలబడి, "అంకుల్, ఫోన్‌కి మెసేజ్ వచ్చుంటుంది, పాంచ్ స్టార్ దబా దీజియే" అన్నాడు. అయిదు చుక్కలూ నొక్కితే గాని కదిలేలా లేడు. నాకు ఒక్కసారిగా ఒళ్ళు మండిపోయింది. "మెషిన్ నెల రోజులు తిరగనీ, ఎన్ని చుక్కలో అప్పుడు చెప్తాను" అని హిందీలో అరిచేశాను. అతను బిత్తరపోయాడు. మా ఆవిడ లోపల్నుంచి వచ్చి నా చేతిలో ఫోన్ లాక్కుని, తనే ఏదో నొక్కి అతన్ని పంపించేసింది. నా కోపం ఆ మెకానిక్ మీద కాదని ఆమెకి తెలుసు.

నేను బిలాస్‌పూర్‌లో గూడ్స్ గార్డుని. ఈమధ్య ఆ ఉద్యోగానికి ట్రైన్ మేనేజర్ అని పేరు మార్చారు గానీ, జెండా అదే, బండి చివర పెట్టె అదే. మా తాత శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి ఇక్కడ పట్టాల పనిలో చేరాడు. అప్పట్నుంచీ మేం రైల్వే క్వార్టర్ల మనుషులమే. మా అమ్మాయి హారిక ఇక్కడే ఒక ప్రైవేటు కాలేజీలో నర్సింగు చదివింది. కరోనా వచ్చేనాటికి అది రెండో సంవత్సరంలో ఉంది. దానికి పాఠం చెప్పిన ఒకావిడ గురించి నేను రాస్తున్నాను. పేరు రాయను. పేరు పైన వేసి ఆవిడ గురించి రాసిన వాటివల్ల ఆవిడకి జరిగిన మేలేమీ లేదు.

యాభైకి దగ్గర పడిన మనిషి. పొట్టిగా, బొద్దుగా ఉండేది. గొంతు మాత్రం మైకు అక్కర్లేని గొంతు. వాచీ ముఖం మణికట్టు లోపలివైపుకి తిప్పి పెట్టుకునేది, నాడి చూస్తూ చెయ్యి తిప్పకుండానే సెకన్ల ముల్లు కనపడాలని. టీ కూర్చుని తాగడం నేనెప్పుడూ చూడలేదు. స్టీలు గ్లాసు పట్టుకుని వరండాలో ఆ చివరి నుంచి ఈ చివరికి తిరుగుతూ తాగేది. వార్డులో పాతికేళ్ళు అలాగే తాగిందట. ఎవరితో మాట్లాడినా ముందు చెయ్యి పట్టుకునేది. మా ఆవిడ చెయ్యి పట్టుకుని, "ఏటి వదినా, చెయ్యిలా చల్లగుంది, టిఫినీ తిన్లేదేటి?" అని అడిగేది. నిజంగానే తినుండేది కాదు మా ఆవిడ.

వాళ్ళదీ శ్రీకాకుళం వైపే. భర్త ఇంజన్ల షెడ్‌లో పనిచేసేవాడు. మాటలు తక్కువ మనిషి, ఏం చెప్పినా "అచ్ఛా" అని ఊరుకునేవాడు. ఊళ్ళోనే తోర్వా పేటలో అద్దెకుండేవారు. ఆవిడకి కోపం వస్తే గొంతు పెరగదు, తగ్గుతుంది. "నువ్వు" పోయి "మీరు" వస్తుంది. కాలేజీలో పిల్లలందరికీ ఆ సంగతి తెలుసు. మేడం "ఆప్" అని పిలిచిందంటే ఆ పిల్ల ఆ రోజు అన్నం తినేది కాదని హారిక చెప్పేది.

కాలేజీ మూసేసి ఫోన్‌లో పాఠాలు మొదలుపెట్టినప్పుడు, నాకూ గూడ్స్ బళ్ళు తప్ప వేరే లోకం లేదు. డ్యూటీ దిగి ఇంటికొస్తే ముందుగదిలో ఆ పాఠాలే వినపడేవి. మిగతా టీచర్లు "నా మాట వస్తోందా, నేను కనిపిస్తున్నానా" అని పావుగంట అడిగి, తర్వాత పుస్తకం చదివేసి సెలవు పుచ్చుకునేవారు. పిల్లలు ఫోన్ గోడకి ఆనించి వంటపనులు చేసుకునేవారు. మా అమ్మాయి ఒక పాఠం వింటూ బెండకాయలన్నీ తరిగేసింది, నేనే చూశాను. గుండె గురించి చెప్తున్నారప్పుడు.

ఆవిడ క్లాసు ఒక అరుపుతో మొదలయ్యేది. "హాథ్ దిఖావ్!" చేతులు చూపించండి! హాజరు పిలవడం లేదు, మొహాలు చూడటం లేదు. ప్రతి పిల్లా రెండు చేతులూ కెమెరా ముందు పెట్టాలి. తెర మీద చిన్న చిన్న గళ్ళలో అన్నీ చేతులే. ఒక్కొక్క గడీ చూసుకుంటూ పోయేది. "గోళ్ళు. ఎల్లి కత్తిరించుకుని రా. నువ్వు, గోరింటాకు ఎవరి పెళ్ళికే? నువ్వు వేలు కాల్చుకున్నావు, నూనె రాసీకు, నీళ్ళలో పెట్టు." ఇదంతా హిందీలో చెప్పి, మా హారిక దగ్గరకొచ్చేసరికి తెలుగులో చెప్పేది. చేతుల్ని బట్టే ఎవరు ఎవరో గుర్తుపట్టేది. మొహం ఎందుకు చూడరు మేడం అని ఎవరో అడిగితే, "జబ్బు మనిషికి నీ మొహం ఏటి గుర్తుంటాదే? నీ చెయ్యి గుర్తుంటాది" అందట.

ఫోన్‌ని మాత్రం మనిషిని తిట్టినట్టే తిట్టేది. నెట్ ఆగి తెర మీద చక్రం తిరుగుతుంటే, "తిరుగు, తిరుగు. నీకేటి పనుంది" అని దాని మొహం మీదే అనేది.

కట్టడి కాస్త సడలాక ఆవిడ మా వరండాకి రావడం మొదలుపెట్టింది. కారణం నా చెయ్యి. నరం ఎలా వెతకాలో పిల్లలకి చూపించాలి, దానికి ఒక మనిషి కావాలి. భర్తని కూర్చోబెడదామంటే, షెడ్‌లో ఇంజన్ల కింద దూరే ఆ మనిషి చేతికి కట్టే రబ్బరు పట్టీ చూస్తేనే కళ్ళు తేలేసేవాడట. నా చెయ్యి చూడగానే ఆవిడ మొహం విప్పారింది. "అన్నయ్యా, దేవుడు ఈ చెయ్యి నర్సుల కోసమే చేసినాడు. ఇలాటి నరాలు ఎక్కడా దొరకవు" అంది. బ్రేకు చక్రాలు తిప్పి తిప్పి ఉబ్బిన నరాలవి. ముప్ఫయ్యేళ్ళ సర్వీసులో నాకు దక్కిన మెప్పు అదొక్కటే అనుకుంటాను.

అలా మా వరండా తరగతి గది అయింది. నేను కుర్చీలో చెయ్యి చాపుకుని కూర్చునేవాణ్ణి. హారిక ఫోన్ పట్టుకునేది. ఆవిడ మాస్కు బిగించుకుని, చేతులు రెండుసార్లు సబ్బుతో కడుక్కుని వచ్చి, ముందు నా అరచెయ్యి పట్టుకునేది. తర్వాత మోచేతికి పైన రబ్బరు పట్టీ కట్టి, వేలి కొనతో తడుముతూ, "చూడకండి, కళ్ళు మూసుకోండి. నరం కంటికి దొరకదు, వేలికి దొరుకుతాది. మెత్తగా లేచి మళ్ళీ పడతాదే, అదీ" అని చెప్పేది. పిల్లలందరూ వాళ్ళ వాళ్ళ ఇళ్ళలో ఎవరో ఒకర్ని కూర్చోబెట్టుకుని అదే చేసేవారు. బిల్హా అనే ఊరి పిల్ల వాళ్ళ నాన్నమ్మని, ఇంకో పిల్ల పాలవాణ్ణి పట్టుకొచ్చి కూర్చోబెట్టింది. బెల్తరా వైపు పల్లె నుంచి సవిత అని ఒక పిల్ల ఉండేది. సిగ్నల్ మేడ మీదే దొరుకుతుందని, ముసలి తాతని రోజూ నిచ్చెన ఎక్కించి మేడ మీద ఎండలో కూర్చోబెట్టేది.

సూది దగ్గరికొచ్చేసరికి ఆవిడ ఆగిపోయేది. పట్టీ విప్పేసి, నా చెయ్యి దించేసి, ఫోన్ వైపు తిరిగి అనేది: "నేను ఇంతవరకే చూపించగలను. ఇక్కడి నుంచి మీ చెయ్యి నేర్చుకోవాలి. ఈ డబ్బాలోంచి నేను మీ చెయ్యి పట్టుకోలేను." ప్రతిసారీ అదే మాటతో క్లాసు ముగించేది. మొదట్లో నాకది ముగింపు మాటలా అనిపించేది. తర్వాత తర్వాత ఆవిడ గొంతులో భయం వినిపించసాగింది.

ఒక ఉదయం జరిగిన సంగతి చెప్పాలి. అందరూ పట్టీలు కట్టారు. ఆవిడ గళ్ళు చూసుకుంటూ పోతోంది. సవిత గడి దగ్గర తెర గడ్డకట్టుకుపోయింది. తాత చెయ్యి, చేతికి బిగించిన పట్టీ, సవిత సగం మొహం, అంతే, కదలిక లేదు. పట్టీ ఎక్కువసేపు ఉంటే చేతికి రక్తం ఆడదు. ఆవిడ ముందు మామూలుగానే, "సవితా, విప్పు" అంది. తర్వాత అరిచింది. తర్వాత నా ఫోన్ తీసుకుని సవితకి చేసింది, కలవలేదు. ఆ పల్లెలో ఇంకెవరి నంబరైనా ఉందా అని పిల్లలందర్నీ అడిగింది, ఎవరి దగ్గరా లేదు. "విప్పవే, విప్పీవే తల్లీ" అంటూ ఆ కదలని బొమ్మ మీద వేలు పెట్టి రుద్దుతోంది, పట్టీని ఆవిడే విప్పేయగలిగినట్టు. మా ఆవిడ వచ్చి భుజం పట్టుకుంటే విదిలించేసింది. గట్టి మనిషి, వార్డుల్లో ఎన్ని చావులు చూసిందో, మా వరండాలో నిలబడి ఆ బొమ్మనే రుద్దుతూ ఉండిపోయింది.

చాలాసేపటికి సవిత మళ్ళీ వచ్చింది. నెట్ పోయిందని ఆ పిల్ల ఫోన్ పట్టుకుని మేడ ఆ మూల నుంచి ఈ మూలకి తిరుగుతోందట సిగ్నల్ కోసం. తాత పట్టీతోనే కూర్చున్నాడట, మనవరాలి చదువు కదా, తను విప్పితే చెడిపోతుందేమోనని. చెయ్యి నీలం తిరిగింది గాని ప్రమాదమేమీ కాలేదు. ముసలాయన నవ్వుతూ వేళ్ళు ఆడించి చూపించాడు. ఆవిడ ఆయనకి రెండు చేతులూ జోడించి దండం పెట్టి, క్లాసు ఆపేసింది. "అన్నయ్యా, ఇది చదువు కాదు. ఇది ఆట" అంది నాతో. ఆ రోజు టీ గ్లాసు తీసుకుని తిరగలేదు. మెట్ల మీద కూర్చుంది.

మర్నాడే ప్రిన్సిపాల్ దగ్గరికి వెళ్ళింది. అయిదుగురు అయిదుగురుగా పిల్లల్ని పిలిపించి ల్యాబ్‌లో బొమ్మ చేతుల మీదైనా సూది పట్టిద్దాం, తర్వాత తనే వెంట ఉండి ఆస్పత్రిలో నేర్పిస్తాను అని అడిగింది. అది ఆవిడ పంతం. చెయ్యి తిరగకుండా ఈ పిల్లలు వార్డులోకి అడుగుపెట్టకూడదు. ప్రిన్సిపాల్ చెడ్డవాడేం కాదు, కుర్చీలో కూర్చున్న మనిషి అంతే. "మేడం, ఆన్‌లైన్ క్లాసులు ఎలా ఉన్నాయని పిల్లల అభిప్రాయం తీసుకోమన్నారు. ఫారం పంపుతున్నాం. పిల్లలు అసంతృప్తిగా ఉన్నారని తేలితే అది పట్టుకెళ్ళి పైన చూపిస్తాను, ల్యాబ్ తెరిపిస్తాను. నా నోటి మాట ఎవరు వింటారు?" అన్నాడట.

ఆవిడ ఎగిరి గంతేసినట్టు వచ్చింది మా ఇంటికి. ఇంక పని అయిపోయినట్టే అనుకుంది. క్లాసులో పిల్లలందరికీ చెప్పింది. ఆ మాటలు నేను విన్నాను. "ఫారం వస్తుంది. మొహమాటపడకండి. ఉన్నదున్నట్టు రాయండి. మీకేం రాలేదని మీకు తెలుసు." వెళ్ళేటప్పుడు స్కూటీ ఎక్కి కూడా ఆగి, హారికతో మళ్ళీ అంది: "బాగోలేదని రాయండే. అందరికీ చెప్పు. ఒక్క గుంటని కూడా వదలకు." గుంట అంటే మా వైపు ఆడపిల్ల.

హారిక అందరికీ చెప్పింది. ఫారం వచ్చింది. ఫోన్‌లోనే. మొట్టమొదటి గడిలో టీచరు పేరు. ఆవిడ పేరు. దాని కింద ప్రశ్న: ఈ క్లాసుల పట్ల మీరు ఎంత సంతృప్తిగా ఉన్నారు? పూర్తిగా సంతృప్తి, సంతృప్తి, పరవాలేదు, అసంతృప్తి, పూర్తిగా అసంతృప్తి. పిల్లల చేతులు అక్కడ ఆగిపోయాయి. క్లాసు బాగోలేదని రాయడం ఒకటి, మేడం పేరు కింద బాగోలేదని నొక్కడం ఒకటి. పైగా ఆవిడది ఏడాదికోసారి పొడిగించే కాంట్రాక్టు ఉద్యోగం. అంతకుముందు ఏడాది ఇంకో టీచరుని పిల్లల ఫిర్యాదు చూపించే తీసేశారు. మేడం ఉద్యోగం పోగొట్టుకునైనా మనకోసం అడుగుతోంది, మనమెలా నొక్కుతాం అని ఒక పిల్ల గ్రూపులో రాసింది. అంతే. వాళ్ళలో వాళ్ళు ఒట్టు పెట్టుకున్నారు. ఒక్కరు కూడా తప్పకుండా అందరూ "పూర్తిగా సంతృప్తి" నొక్కేశారు. కింద రాయడానికి ఖాళీ ఉంటే, "ఇంత మంచి టీచరు మాకు మళ్ళీ దొరకరు" అని కూడా రాశారు. సవిత హిందీలో నాలుగు లైన్ల కవిత రాసిందట. ఆవిడని కాపాడేశామని ఆ సాయంత్రం పిల్లలందరూ ఒకరికొకరు మిఠాయి బొమ్మలు పంపుకున్నారు.

నేనా పిల్లల్ని తిట్టలేను. పెద్దవాళ్ళ మీద చెడ్డమాట చెప్పకూడదనే కదా మనం పెంచింది. గురువు అంటే కాళ్ళకి దండం పెట్టడమే నేర్పాం, గురువు అడిగినా సరే బాగోలేదని చెప్పడం ఎవరికి నేర్పాం?

ఫారాల లెక్క తేలాక ఆవిడ వచ్చింది. మెట్ల దగ్గర చెప్పులు విప్పి, మా హారికని పిలిచింది. "మీరు ఇలా రండి" అంది. అది విని మా ఆవిడ వంటింట్లోంచి బయటికి రాలేదు. హారిక వచ్చి నిలబడింది. "మీ చెయ్యి చూపించండి" అంది. చెయ్యి చాపింది. ఆవిడ ఆ చెయ్యి పట్టుకుని, వేళ్ళు ఒక్కొక్కటీ వంచి చూసింది.

"ఈ చేతికి ఏటి వచ్చు?"

హారిక చెయ్యి వెనక్కి లాక్కోబోయింది, ఆవిడ వదల్లేదు.

"ఏటీ రాదు. అది మీకు తెలుసు, నాకు తెలుసు. ఇప్పుడు ప్రపంచానికి మాత్రం అన్నీ వచ్చీసినట్టు తెలిసిపోయింది. ల్యాబ్ అక్కర్లేదన్నారు. పిల్లలు సంతోషంగా ఉన్నారు, ప్రాక్టికల్ కూడా పూర్తయిందని రాసీమన్నారు. నాకు పొడిగింపు ఇచ్చీసినారు, తెలుసా? సన్మానం చేస్తారట."

"మేడం, మీ ఉద్యోగం పోతాదనీసి..." అని హారిక ఏడ్చేసింది.

"పోతే పోనీండి!" అని ఒక్కసారి అరిచింది. వెంటనే గొంతు పడిపోయింది. "నన్ను మెచ్చుకుని నా కాళ్ళిరిచీసినారే మీరు" అంది. ఆవిడ నవ్విందో ఏడ్చిందో నాకు తెలీలేదు, మాస్కు ఉంది. కాసేపటికి "నువ్వు" తిరిగొచ్చింది. "పో, మొహం కడుక్కో. ఏడిస్తే ఏటొస్తాది" అని, హారిక తల మీద ఒక మొట్టికాయ మొట్టి, స్కూటీ తీసుకుని వెళ్ళిపోయింది.

కరోనా రెండో విడత వచ్చింది. ఆ నెలల గురించి నేను ఎక్కువ రాయను. గూడ్స్ బళ్ళకి బదులు ఆక్సిజన్ బళ్ళు నడిపాం. డ్యూటీ నుంచి వచ్చేసరికి కాలనీలో ఏ క్వార్టరు ముందు చెప్పులు గుంపుగా ఉంటే ఆ ఇంట్లో ఎవరో పోయారని అర్థం. ఆస్పత్రుల్లో నర్సులు చాలక, చదువుతున్న పిల్లల్ని కూడా పిలిచారు. ప్రాక్టికల్ పూర్తయిందని రాసి ఉంది కదా, ఆ రాత చూసే పిలిచారు. హారిక వెళ్ళింది, సవిత వెళ్ళింది, బిల్హా పిల్ల వెళ్ళింది.

ఆవిడకి షుగరు. ఆ పనికి రమ్మని ఆవిడనెవరూ అడగలేదు, వద్దని కూడా చెప్పారు. "నా గుంటల్ని ఒట్టి చేతుల్తో తోలీసినారు, నేనింట్లో కూకోనా?" అని మా ఆవిడతో ఫోన్‌లో అంది. ఒళ్ళంతా కప్పే ఆ తెల్ల సూటు వేసుకుని రోజూ ఆ పిల్లల వెనకాలే నిలబడేది. ఒక్కొక్కర్నీ పక్కన పెట్టుకుని, చెయ్యి మీద చెయ్యి వేసి పట్టించేదట. ఎంతమందికని పట్టిస్తుంది? మంచాలు ఎక్కువ, ఆవిడ ఒక్కతే. హారిక వంతు రాకముందే ఆవిడకే జ్వరం వచ్చింది. భర్త స్కూటీ మీద వెనక కూర్చోబెట్టుకుని తీసుకొచ్చి, ఆ ఆస్పత్రిలోనే చేర్పించాడు. ఆ వార్డులోనే హారిక డ్యూటీ.

తర్వాతి సంగతి హారిక మాకు చాలా రోజుల తర్వాత చెప్పింది, అన్నం ముందు కూర్చుని, కలిపిన ముద్ద తినకుండా.

ఆవిడకి మందులెక్కించడానికి క్యాన్యులా పెట్టాలి. నరంలో పెట్టి ఉంచే ఆ సన్నటి గొట్టం. ముందు పెట్టింది వాచిపోతే తీసేశారు. హారికని పెట్టమన్నారు. ఆవిడే చెయ్యి చాపింది. హారిక ముందు అరచెయ్యి పట్టుకుంది, చెప్పినట్టే. పట్టీ కట్టింది, కళ్ళు మూసుకుని తడిమింది. నరం దొరికింది కూడా. సూది దిగిన తర్వాత ఏం చెయ్యాలో చేతికి తెలీలేదు. రెండు జతల గ్లవుజులు, లోపల చెమట. నరం జారిపోయింది. చెయ్యి ఉబ్బింది. రెండోసారి ఇంకోచోట ప్రయత్నించింది, అదీ పోయింది. ఆవిడ ఒక్క మూలుగు మూలగలేదట. అప్పుడు సీనియర్ సిస్టర్ వచ్చి, "క్యా సీఖ్ కే ఆయీ హో తుమ్?" అని గట్టిగా కేకలేసింది. ఏం నేర్చుకుని వచ్చావు నువ్వు? ఆ సిస్టర్‌కి పాపం అప్పటికి నిద్ర లేదు.

మంచం మీద ఆవిడ తన మొహం మీది ఆక్సిజన్ మాస్కు తీసి, ఆయాసపడుతూ, హిందీలో చెప్పిందట: "సిస్టర్, దాన్ని తిట్టకండి. దానికి నేను నేర్పలేదు. టీచర్ని నేనే. నన్ననండి."

సిస్టర్ హారికని పక్కకి జరిపి తనే పెట్టసాగింది. ఆవిడ మళ్ళీ మాస్కు తీయబోతే సిస్టర్ ఒప్పుకోలేదు. ఆవిడ హారిక వైపు చూసి వేలితో సిస్టర్ చేతిని చూపించింది, చూడు, ఎలా పట్టుకుందో చూడు అని. అప్పుడు కూడా పాఠమే.

ఆ వారంలోనే పోయింది. ఆ సూదికీ ఆ చావుకీ సంబంధం లేదని, ఊపిరితిత్తులు అప్పటికే పోయాయని డాక్టరు చెప్పాడు. మేమూ హారికకి చెప్పాం, చాలాసార్లు చెప్పాం. అది వింటుంది. తల ఊపుతుంది. అంతకుమించి దాని లోపల ఏముందో నాకు తెలీదు, అడిగే ధైర్యమూ నాకు లేదు.

కాలేజీ వాళ్ళు సంతాప సభ పెట్టారు. అదీ ఫోన్‌లోనే. తెర మీద ఆవిడ ఫోటో, దానికి దండలా ఒక బొమ్మ. ఒక గడిలో భర్త కూర్చున్నాడు, గుండు చేయించుకున్న తలతో, ఫోన్ మొహానికి మరీ దగ్గరగా పెట్టుకుని. పిల్లలు అందరూ వచ్చారు. నేను, మా ఆవిడ హారిక వెనక నిలబడ్డాం. ప్రిన్సిపాల్ మాట్లాడాడు. మంచిమాటలే మాట్లాడాడు. చివరికి, "ఆమె ఎలాంటి అధ్యాపకురాలో నేను చెప్పక్కర్లేదు. ఇంత కష్టకాలంలో, ఆన్‌లైన్‌లో కూడా, ఒక్క విద్యార్థి కూడా తప్పకుండా అందరూ ఆమె బోధన పట్ల పూర్తి సంతృప్తి తెలిపారు. ఇది మన కాలేజీకి గర్వకారణం" అన్నాడు.

హారిక మైకు నొక్కింది. దాని వేలు నాకు కనపడుతూనే ఉంది, ఆపలేకపోయాను.

"సర్, మేడం క్లాసులు బాగోలేవు" అంది హిందీలో.

మా ఆవిడ నా చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"ఏమ్మా?" అన్నాడు ప్రిన్సిపాల్.

"బాగోలేవు సర్. మాకేమీ రాలేదు. ఎలా వస్తుంది, ఫోన్‌లో? బాగోలేదని రాయమని మేడం మాతో చెప్పారు. మేం రాయలేదు. పూర్తిగా అసంతృప్తి సర్ నాకు. ఇప్పుడు రాసుకోండి."

"బేటా, నీ బాధ నాకు అర్థమవుతుంది, కానీ ఇది సమయం కాదు" అని ఆయన, భర్త గడి వైపు తిరిగి, "క్షమించండి, పిల్లలు దుఃఖంలో ఉన్నారు, వాళ్ళకి తెలీక..." అన్నాడు. సభ ముగిద్దామని ఎవరితోనో అనడం కూడా వినిపించింది.

అప్పుడు ఆవిడ భర్త, ఆ షెడ్ మనిషి, మాట్లాడాడు. ఆయన గొంతు నేను సరిగ్గా విన్నది అదే మొదటిసారి.

"ఆపకండి. ఫారాల లెక్క తేలిన రోజు మా ఆవిడ ఇంటికొచ్చి గోడకి తల ఆనించుకుని నిలబడింది. ఎంత పిలిచినా పలకలేదు. ఆ పిల్లని చెప్పనివ్వండి." ఇంకా దగ్గరికి జరిగి, "అచ్ఛా. ఇంకెవరికి బాగోలేదు?" అని అడిగాడు.

మొదట సవిత మైకు తెరిచింది. పేరు చెప్పి, "నాకు బాగోలేదు" అంది. తర్వాత బిల్హా పిల్ల. తర్వాత ఇంకొకరు, ఇంకొకరు. కొందరు ఏడుస్తూ చెప్పారు. కొందరు హాజరు చెప్పినట్టు చెప్పారు. నెట్ సరిగ్గా లేని ఒక పిల్ల మాట ముక్కలు ముక్కలుగా వచ్చింది. ఆయన ఆగి, మళ్ళీ చెప్పమని అడిగి, పూర్తిగా విన్నాడు. ప్రతి పిల్లకీ "అచ్ఛా" అన్నాడు. ప్రిన్సిపాల్ కెమెరా ఆపేశాడు. సభ మాత్రం ఆగలేదు. చిట్టచివరి పిల్ల కూడా చెప్పేదాకా ఆ షెడ్ మనిషి ఫోన్ దించలేదు.